నెలలు నిండని పాప కోసం కొన్న డిజిటల్ కాటా: ఆరు నెలలు వాడాక చెప్తున్నా

ముందే చెప్పేస్తాను, ఈ కాటా మంచిదే. కానీ మొదటి మూడు వారాలు నేను వాడినట్టు వాడేటట్టయితే ఇంట్లోకి రానివ్వకండి. మీ బిడ్డ ఇప్పుడు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండి, రేపో ఎల్లుండో ఇంటికి తెచ్చుకోబోతుంటే మాత్రం కొనేముందు ఇది మొత్తం చదవండి. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఎందుకంటే ఈ కాటా గురించి చెప్పాలంటే పాప ఆకలి గురించి చెప్పక తప్పదు, ఆ ఆకలి సంగతి నాకు అర్థమయ్యాకే కాటాని సరిగ్గా వాడటం వచ్చింది.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ అవతల పాతపట్నం, అదే ఆంధ్రా, మా అత్తయ్య పుట్టిల్లు అటువైపే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆసుపత్రిలో రెండూ కలిపి. పాప పోయిన నవంబరులో 32 వారాలకే పుట్టేసింది, 1,480 గ్రాములు. ఏడో నెల బిడ్డయితే దక్కుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదని మా వీధిలో ఒక పెద్దావిడ నా ముందే అంది. దయచేసి ఏ బాలింత దగ్గరా ఈ మాట అనకండి, ఇందులో నిజం లేదు, కడుపులో ఒక్కో వారం ఎక్కువ ఉన్నకొద్దీ బిడ్డకి అంత మేలు, అంతే.

బరంపురంలో ఒక ఆసుపత్రిలో 24 రోజులు ఉన్నాం. పాలు మొదట గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో, ఆ తర్వాత కొంచెం కొంచెంగా రొమ్ముకి పట్టుకోవడం. ఆ ఉగ్గుగిన్నెని అక్కడ పలాడై అంటారు, నేను అదేదో కొత్త పరికరం అనుకుంటే తీరా చూస్తే మా అమ్మమ్మ ఇంట్లో ఉన్న వెండి ఉగ్గుగిన్నే, కాకపోతే స్టీలుది. రోజూ పొద్దున్నే బరువు తూచేవాళ్ళు, అది అయిందో లేదో వరండాలో ఉన్న తల్లులందరం ఒకరినొకరం అడిగేది ఒకటే మాట, "కేతే గ్రామ్ హెలా?" ఎన్ని గ్రాములైంది అని. నాకు ఒడియాలో పురిటి తర్వాత ఎక్కువసార్లు విన్న మాట అదే. మొదటి వారంలో పాప 1,340కి దిగిపోయింది. పుట్టిన కొత్తలో ఇలా తగ్గడం మామూలే, నెలలు నిండనివాళ్ళు పదిశాతం, ఒక్కోసారి పదిహేను శాతం వరకూ కూడా తగ్గి రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టిన బరువుకి వస్తారని సిస్టర్లు చెప్తూనే ఉన్నారు, మా పాప 13వ రోజున వచ్చింది. అయినా ఆ పన్నెండు రోజులూ నా కంటికి ఆ కాటా మీద ఎర్రంకెలు తప్ప ఇంకేం కనబడలేదు. డిశ్చార్జి నాటికి 1,730. ఆ రోజే మా ఆయన ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపులో 2,300 పెట్టి ఈ కాటా కొన్నారు, ఇంటికెళ్ళాక రోజూ అంకె తెలియకపోతే నేను ఉండలేనని ఆయనకి తెలుసు.

వస్తువు గురించి చెప్తాను. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ ధరలో వచ్చేవన్నీ దాదాపు ఒకే అచ్చు. పైన వంపు తిరిగిన ప్లాస్టిక్ పళ్ళెం, కింద బల్లపరుపు దిమ్మ, ముందువైపు చిన్న తెర, మూడు బటన్లు. 20 కిలోల దాకా తూస్తుంది, పది గ్రాముల మెట్టు చొప్పున చూపిస్తుంది, అంటే 1,734 ఉన్నా 1,730 అనే చూపిస్తుంది. అయిదు గ్రాముల మెట్టువి కూడా దొరుకుతాయి, ఇంకో అయిదారొందలు ఎక్కువ. నెలలు నిండని బిడ్డకయితే అదే తీసుకోండి, నిండు నెలల బిడ్డకి ఇది చాలు. పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా బాధ లేదు. ఒక బటన్ నొక్కితే కిలోలు పోయి పౌండ్లు వస్తాయి, మా అత్తయ్య చెయ్యి తగిలి మొదటి రాత్రే 3.8 అని వచ్చింది, అరగంటసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ బటన్ మీద టేపు అంటించేయండి.

సరిగ్గా తూస్తుందా అంటే, తూస్తుంది. ఉప్పు ప్యాకెట్లు పెట్టి పరీక్ష చేస్తే కవరు బరువు కూడా కలుస్తుంది కాబట్టి అది లెక్క కాదు. మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయిని అడిగి ముద్ర ఉన్న తూనికరాళ్ళు తెచ్చుకున్నాను, అరకిలోది, కిలోది. గచ్చు మీద పెట్టి తూస్తే అరకిలో అరకిలోనే, కిలో కిలోనే, రెండూ కలిపినా 1,500. అదే కాటాని మంచం మీద పెట్టి తూస్తే కిలో రాయి 960 చూపించింది, మడతపెట్టిన బొంత మీద 970. గచ్చు మీదే, ఎప్పుడూ ఒకే చోట పెట్టి తూయాలి, పుస్తకంలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంది గానీ అట్టపెట్టె మీద మంచం మీద కాటా, కాటాలో నవ్వుతున్న బిడ్డ బొమ్మ వేశారు. చాలా తప్పు అది.

ఇప్పుడు అసలు గొడవ. ఇంటికొచ్చిన మొదటి వారం నేను పాపని రోజుకి ఏడెనిమిదిసార్లు తూచాను. పాలు పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి, ఉచ్చ పోస్తే ఒకసారి. అన్నీ నోటుపుస్తకంలో రాశాను. ఒక రోజు 30 పెరిగేది, మర్నాడు 20 తగ్గేది, ఆ మర్నాడు ఏమీ మారేది కాదు. తగ్గిన రోజు నాకు అన్నం సహించేది కాదు, రాత్రి నిద్ర లేదు, పాలు పిండుకుందామని కూర్చుంటే రావు. పాలు తయారై ఉన్నా బయటికి దిగడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి, టెన్షన్‌లో ఉన్న తల్లికి అది సరిగా వదలదు. అంటే కాటా చూసి నేను భయపడటం, భయపడితే పాలు దిగకపోవడం, పాలు దిగలేదని మళ్ళీ కాటా దగ్గరికి పరుగెత్తడం. మూడు వారాలు ఇదే నడిచింది.

తర్వాత తెలిసిన లెక్క ఏమిటంటే, ఇంత చిన్నపిల్లలు రోజుకి ఒంటి బరువులో కిలోకి 15 నుంచి 20 గ్రాములు పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. 1,730 గ్రాముల పాపకి అది రోజుకి 26 నుంచి 35 గ్రాములు. ఒక్కసారి తాగే పాలు ముప్పై మిల్లీలీటర్లు, అంటే దాదాపు ముప్పై గ్రాములు. తడిసిన గుడ్డ ఒక్కటే నలభై యాభై తూగుతుంది. కాటా మెట్టు పది. ఇన్నిటి మధ్య ఒక రోజు పెరుగుదల ఎక్కడ కనబడుతుంది చెప్పండి? పాలు తాగిన వెంటనే తూస్తే పెరిగినట్టుంటుంది, దొడ్డికి వెళ్ళాక తూస్తే తగ్గినట్టుంటుంది. వారానికొకసారి తూస్తే మాత్రం 180 నుంచి 240 గ్రాముల తేడా కనబడాలి, అప్పుడు పదో ఇరవయ్యో అటూఇటూ అయినా ఫరవాలేదు. ఈ లెక్క కాటాతో వచ్చే పుస్తకంలో ఒక్క పేజీలో వేస్తే ఎంతమంది తల్లులు ప్రశాంతంగా నిద్రపోతారో.

మూడో వారంలో ఊళ్ళోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడ వాళ్ళ కాటాలో పాప ఇంటి బరువు కంటే 70 గ్రాములు తక్కువ చూపించింది. ఇంట్లో నేను స్వెట్టరుతో తూస్తున్నాను, అక్కడ బట్టలు విప్పి తూచారు, తేడా అంతా అదే, కానీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "పాలు చాలట్లేదమ్మా, డబ్బా పాలు మొదలుపెట్టండి" అనేశారు. బయటికొచ్చి మందుల షాపులో డబ్బా అడిగితే అక్కడి అబ్బాయి "పాప తాగట్లేదా అక్కా, ఆకలి పుట్టడానికి సిరప్ ఉంది, రెండు చుక్కలు పట్టండి" అని ఒక సీసా చేతిలో పెట్టాడు. సైప్రోహెప్టడీన్. ఎందుకో చెయ్యి ఆడక కొనలేదు. తర్వాత తెలిసింది, అది అప్పుడే పుట్టినవాళ్ళకీ నెలలు నిండనివాళ్ళకీ అసలు ఇవ్వకూడని మందు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఇంకేం గుర్తులేకపోయినా సరే.

ఆ వారంలోనే పాప కళ్ళు మళ్ళీ చూపించడానికి బరంపురం వెళ్ళాల్సి ఉంది. 34 వారాల లోపు గానీ రెండు కిలోల లోపు గానీ పుట్టినవాళ్ళకి నెల తిరిగేలోపు కంటి వెనక రెటీనా పరీక్ష మొదటిసారి చేయించాలి, దయచేసి ఎవరూ మానకండి, ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. అక్కడే పిల్లల డాక్టర్ మేడమ్‌కి నా నోటుపుస్తకం చూపించి ఏడ్చేశాను. "మేడమ్, దీనికి ఆకలే వేయట్లేదు. నిద్ర లేపితే గానీ తాగదు. నాలుగు గుక్కలు తాగి మళ్ళీ పడుకుంటుంది." ఆవిడ నోటుపుస్తకం మూసేసి, ఓపీ బయట అంతమంది ఉన్నా పావుగంట కూర్చుని చెప్పింది. నేను కాలేజీలో బయాలజీ చదివినదాన్నే, అయినా నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పని సంగతులు.

మనకి ఆకలి పుట్టించే హార్మోన్ ఒకటుంది, గ్రెలిన్. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం నుంచే రక్తంలోకి వస్తుంది, అన్నం తిన్నాక తగ్గిపోతుంది. దాన్ని 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక జీర్ణాశయంలో కనిపెట్టారు. అసలు వాళ్ళు వెతికింది ఆకలి కోసం కాదు, ఎదుగుదల హార్మోన్‌ని విడుదల చేయించేది ఏదని. అందుకే ఆ పేరు కూడా పెరగడం అనే అర్థమున్న ఒక పాత మూలధాతువు నుంచి తీసి పెట్టారు. అంటే ఆకలి, ఎదుగుదల ఒకే చోట ముడిపడి ఉన్నాయన్నమాట. రెండోది లెప్టిన్, 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఇది కొవ్వులోంచి వస్తుంది, ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకి కబురు చేస్తుంది, పెద్దవాళ్ళలో చాలు ఇక తినకు అని చెప్పే పని దానిదే. కడుపులో ఉన్నప్పుడు మావి కూడా లెప్టిన్ తయారుచేస్తుంది.

బిడ్డ ఒంట్లో కొవ్వు పట్టేది ముఖ్యంగా ఆఖరి మూడు నెలల్లో. మా పాప ఆ మూడు నెలల్లో రెండు నెలలు బయటే ఉంది. కొవ్వు లేదు, మావితో సంబంధం తెగిపోయింది, కాబట్టి నెలలు నిండనివాళ్ళ రక్తంలో లెప్టిన్ బాగా తక్కువ ఉంటుంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది, చాలు అని చెప్పేది తక్కువుంటే ఆకలి ఇంకా ఎక్కువ వేయాలి కదా మేడమ్ అని. ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కబురు వెళ్తుంది గానీ అందుకునేవాళ్ళు ఇంకా ఆ ఇంట్లో కాపురం పెట్టలేదమ్మా." మెదడులో హైపోథాలమస్ అనే చోట ఆకలినీ కడుపు నిండటాన్నీ చూసుకునే నరాల అల్లిక ఉంటుంది, అది ఇంకా పూర్తి కాలేదు. ఎలుక పిల్లల్లో ఆ అల్లిక పుట్టాక మొదటి రెండు వారాల్లో జరుగుతుందట, అప్పుడు లెప్టిన్ పని ఆకలి ఆపడం కాదు, ఆ నరాలని అల్లించడమే. పుట్టుకతోనే లెప్టిన్ లేని ఎలుకల్లో ఆ అల్లిక సరిగా రాలేదని, పసితనంలో బయట నుంచి లెప్టిన్ ఇస్తే వచ్చిందని 2004లో చూపించారు. మనుషుల్లో ఆ పని చాలావరకు కడుపులో ఉండగా ఆఖరి నెలల్లోనే మొదలై సాగుతుంది. ఆ నెలలే మా పాపకి దొరకలేదు.

పైగా చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ ఒకదానికొకటి అడ్డురాకుండా కుదిరేది 34 వారాలు వచ్చే సరికి, అదీ అప్పుడే నేర్చుకున్న పని. నాలుగు గుక్కలకి అలిసిపోతుంది. అలిసి పడుకుంటే మనం కడుపు నిండింది అనుకుంటాం, లేదా ఆకలి లేదు అనుకుంటాం. రెండూ కాదు.

"అయితే ఆ లెప్టిన్ పరీక్ష చేయించమంటారా, ఆ హార్మోన్ మందు ఏదైనా ఉందా" అని మా ఆయన అడిగారు. పిల్లలకి పాలు ఎంత పట్టాలో ఈ హార్మోన్ పరీక్షలు చూసి ఎవరూ నిర్ణయించరు, అవి పరిశోధనలకే, ఇందుకు వాడే మందులూ లేవు. కానీ తల్లిపాలలో లెప్టిన్ ఉంది, గ్రెలిన్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి అంది ఆవిడ. నెలలు నిండకుండా కన్న తల్లి పాలలో మొదటి వారాల్లో ప్రోటీన్ కూడా కాస్త ఎక్కువ ఉంటుందట. అది విన్నాక ఆ రాత్రి లాడ్జిలో పాలు పిండుకుంటుంటే మొదటిసారి నాకు నా పాల మీద గౌరవం కలిగింది. అంతకుముందు నేను వాటిని మిల్లీలీటర్లుగానే చూశాను. డబ్బా పాలు అవసరమైన పిల్లలు ఉంటారు, మరీ చిన్నవాళ్ళకి తల్లిపాలలో కలిపే బలం పొడి కూడా రాస్తారు, అది డాక్టర్ చూసి చెప్పాల్సిన సంగతి, నేను ఇక్కడ ఏమీ చెప్పను. మా పాపకి అవసరం లేదన్నారు.

ఆవిడ చెప్పిన ఇంకో మాట, బరువు ఎంత త్వరగా పెరిగితే అంత మంచిది అని కూడా అనుకోవద్దు అని. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు, ఆయన తోటివాళ్ళు చేసిన పరిశోధన ఒకటి చెప్పింది. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లండులో పుట్టిన తెల్లవాళ్ళ పిల్లల కంటే అరకిలోకి పైగా తక్కువ తూగారు, అయినా బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్ మాత్రం ఇంచుమించు వాళ్ళతో సమానంగానే ఉంది. అంటే మన పిల్లలు సన్నగా కనబడుతూనే కొవ్వు దాచుకుని పుడతారు, తగ్గేది కండ. అలాంటి ఒంటికి గబగబా బరువు ఎక్కిస్తే పెరిగేది కొవ్వే అయితే, పెద్దయ్యాక షుగరు, బీపీ ముప్పు పెరుగుతుంది. అందుకని బరువుతో పాటు పొడవు, తల చుట్టుకొలత కూడా పెరగాలి, మూడూ కలిసి నడవాలి. ఈ వయసులో వారానికి సుమారు ఒక సెంటీమీటరు పొడవు, తల అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు. ఆవిడ ఒక గీతల కాగితం మీద మూడు చుక్కలు పెట్టి చూపించింది. ఫెంటన్ చార్ట్ అంటారు, కడుపులో ఉన్న వారాలు కూడా కలిపి 50 వారాల వరకూ పనికొస్తుంది, తర్వాత మామూలు చార్టే, కాకపోతే పుట్టిన తేదీ నుంచి కాకుండా పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కపెట్టుకోవాలి, రెండేళ్ళు వచ్చేదాకా. మా పాప చుక్కలు మూడూ గీత వెంబడే నడుస్తున్నాయి. నా నోటుపుస్తకంలో 160 అంకెలున్నాయి, అందులో ఒక్కదానిలోనూ నాకది కనబడలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. పాప అడిగేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి మేమే లేపి పట్టేవాళ్ళం. ఏడుపు ఆఖరి సంకేతం, ఏడ్చేసరికే ఉన్న ఓపిక సగం అయిపోతుంది. పెదాలు కదపడం, నాలుక బయటపెట్టడం, గుప్పిట నోటి దగ్గరికి తీసుకోవడం, అవి చూసి పెట్టడమే. రోజులో ఎక్కువసేపు పాప నా గుండె మీదే ఉండేది, చర్మానికి చర్మం ఆనేట్టు, కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది అది, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 8 నుంచి 24 గంటలు చేయమంటోంది. డిసెంబరు చలికి మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే గాలికి మా ఇల్లు గడ్డకట్టుకుపోయేది, బిడ్డ ఒళ్ళు చల్లబడితే తాగిన పాలన్నీ వేడి పుట్టించుకోవడానికే ఖర్చయిపోతాయి, ఎదుగుదలకి మిగలవు. నేను అలిసిపోతే అత్తయ్య కట్టుకునేది, మా ఆయన కట్టుకునేవారు. బిడ్డని తూచితే దిష్టి తగులుతుందని మొదట్లో అత్తయ్య గొడవ చేసింది, పట్టించుకోలేదు. ఇప్పుడనిపిస్తుంది, రోజూ తూచి బెంగపెట్టుకోవద్దని పాతవాళ్ళు ఆ మాట పెట్టారేమోనని.

కాటా వాడే తీరు మాదిప్పుడు ఇది. ఆదివారం పొద్దున్న, పాలు పట్టబోయే ముందు, గచ్చు మీద అదే మూల. ఒక మెత్తటి గుడ్డ పొయ్యి దగ్గర వెచ్చబెట్టి పళ్ళెంలో పరిచి సున్నా బటన్ నొక్కాలి, దాంతో గుడ్డ బరువు తీసేసి చూపిస్తుంది. తర్వాత బట్టలన్నీ విప్పిన పాప. రెండుసార్లు తూచి, రెండూ ఒకటే వస్తే రాసుకోవడం, వెంటనే గుండె మీదకి తీసుకోవడం. అంతా కలిపి ఒక నిమిషం. పాప కాళ్ళూ చేతులూ ఆడిస్తే అంకె ఎగురుతూ ఉంటుంది, అందుకే అంకె నిలిపే బటన్ పెట్టారు, అది బాగానే పనిచేస్తుంది. నాలుగు నెలలు దాటాక మాత్రం నిలపలేకపోయింది, ఆ వయసు పిల్లలు అంతగా కదులుతారు.

లోపాలూ చెప్పాలి. పళ్ళెం అంచు చాలా తక్కువ ఎత్తు, పక్కకి దొర్లడం వచ్చిన పిల్లని ఒక్క క్షణం కూడా చెయ్యి తీసి ఉంచలేం. పక్కన అతికించిన పొడవు కొలిచే టేపు ఎందుకూ పనికిరాదు, రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది, పొడవు డాక్టర్ దగ్గరే కొలిపించండి. రెండో నెలలో సెల్స్ పెట్టే చోట తీగ వదులై ఆగి ఆగి వెలిగేది. షాపుకి తీసుకెళ్తే వారంటీ కార్డు మీద ముద్ర లేదు కాబట్టి మార్చం అన్నారు, ముద్ర వేయాల్సింది వాళ్ళే. రెండుసార్లు బరంపురం తిరిగి ఊరుకున్నాం. మా వీధిలో రేడియోలు బాగుచేసే అన్న యాభై రూపాయలకి అతికించి ఇచ్చాడు, ఇప్పటిదాకా మళ్ళీ పాడవలేదు. కొన్న రోజే బిల్లు, ముద్ర అడిగి తీసుకోండి. ఇంకోటి, సెల్స్ అయిపోవస్తుంటే ముందుగా చెప్పదు, తప్పు అంకెలు చూపించడం మొదలుపెడుతుంది. అందుకే నెలకోసారి బాబాయి కొట్టు నుంచి తూనికరాయి తెచ్చి చూసుకుంటాను.

అందరూ కొనాలా? ఊళ్ళో ఉండి, ఆశా దీదీ వరసగా వస్తుంటే అవసరం లేదు. ఆసుపత్రిలో కాన్పయితే ఆవిడ 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి, సంచిలో ఉయ్యాల కాటా తెస్తుంది, అంగన్వాడీలోనూ కాటా ఉంటుంది. మా దీదీ ఒక్కసారి కూడా మానలేదు, ఆవిడ వచ్చినప్పుడు తన కాటాని మా కాటాతో సరిచూసుకునేది కూడా. కానీ మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండల మీద ఊళ్ళలో ఉంటే, వర్షాలకి దారి తెగిపోయే చోట ఉంటే, బిడ్డ రెండు కిలోల లోపు ఉంటే, కొనండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. అంకె ఒక్కటే చూడకండి. తాగుతున్నంతసేపు మింగుడు వినబడుతోందా, రోజుకి ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోందా, ఒళ్ళు వెచ్చగా ఉందా అని చూడండి. పాలు అసలే పట్టకపోతే, ఒళ్ళు చల్లబడినా కాలిపోయినా, ఊపిరి ఎగపోసినా, పొట్ట ఉబ్బి కక్కుతుంటే కాటా దగ్గర కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

నా లెక్కలో అయిదుకి మూడున్నర. తూకానికి అయిదుకి అయిదు ఇస్తాను. అంచు, టేపు, పుస్తకం, వారంటీ దగ్గర తగ్గించాను.

పాపకి ఇప్పుడు ఏడు నెలలు, లెక్క ప్రకారం అయిదు. 6,100 గ్రాములు. ఆకలేస్తే ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుస్తుంది, కడుపు నిండితే తల తిప్పేసుకుంటుంది, ఇంకో గుక్క పట్టబోతే చేత్తో తోసేస్తుంది. పోయిన వారం కాశీనగర్‌లో మా చెల్లెలి తోటికోడలికి 33 వారాలకి బాబు పుట్టాడని తెలిసి కాటా వాళ్ళకి పంపించాను, పౌండ్ల బటన్ మీద టేపు అలాగే ఉంచి, పళ్ళెం కింద ఒక కాగితం అంటించి: "ఆదివారం మాత్రమే. గచ్చు మీద. బట్టల్లేకుండా. వదినా, మిగతా ఆరు రోజులూ దీన్ని బీరువా పైన పెట్టించు, బాబుని గుండె మీద పెట్టుకో."